మాస్టారు గీసిన నిలువు గీత

మా స్టాటిస్టిక్స్ మాస్టారు పోయారు. పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరుతూ తలుపుకి తాళం వేస్తుంటే అమలాపురం నుంచి ఫోను వచ్చింది. కాలేజీలో నాతోపాటు చదివిన అమ్మాయి. "మాస్టారు ఇక లేరే" అని పెట్టేసింది. నేను మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. ఆయన్ని అనాల్సిన మాటలు నా దగ్గర ఇంకా మిగిలే ఉన్నాయి.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. చదివే మీకు ముందే చెప్పేస్తున్నాను, నాకు అలా రాయడం చేతకాదు. ఆయన వల్ల మా నాన్న చావుదెబ్బలు తిన్నాడు. ఆయన వల్లే జైలుకి పోకుండా బయటపడ్డాడు. ఈరోజు నాకు అన్నం పెడుతున్న చదువు ఆయన చెప్పిందే. ఒకసారి ఆయన్ని నేను కొట్టాను కూడా. అందులో ఏది వదిలేసినా ఈ రాత అబద్ధమే అవుతుంది.

నా పని ఏమిటో చెబితే మిగతాది మీకు సులువుగా అర్థమవుతుంది. కొత్త మందులు రోగుల మీద ఎలా పనిచేస్తున్నాయో లెక్కలు కట్టే కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాను. ఒక్కో రోగికి వారం వారం రక్తపరీక్ష చేస్తారు. ఆ అంకెలన్నీ ఫైల్లో ఒకరి కింద ఒకరివి పేర్చి వస్తాయి. రోగికొక గీత చొప్పున, అందరి గీతలూ ఒకే బొమ్మలో వెయ్యాలి. ఒక్క మాట రాయడం మరిచిపోతే కంప్యూటరు ఒక రోగి చివరి చుక్క నుంచి ఇంకో రోగి మొదటి చుక్కకి గీత లాగేస్తుంది. బొమ్మ మాత్రం బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఈ తప్పు చేస్తే నేను కేకలేస్తాను. వాళ్ళు నాకు పిచ్చనుకుంటారు. అనుకోనీ.

తొంభైల్లో అంతర్వేది వైపు వరిచేలు ఒకదాని వెనక ఒకటి రొయ్యల చెరువులయ్యాయి. మా నాన్న అలాంటి ఓ చెరువుకి కాపలా. మేం ఉండేది పేటలో, చర్చి పక్క సందులో. చెరువు కామందు మా మాస్టారికి వేలువిడిచిన బావమరిది. అక్కడ వరసగా ఏడు చెరువులుండేవి, వేరువేరు వాళ్ళవి. నాన్న కాసే కామందు చెరువు ఆఖరిది.

నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే రొయ్య చచ్చిపోతుంది. అందుకని చెరువులవాళ్ళంతా కలిసి ఒక మీటరు కొని, రోజూ తెల్లవారుజామున కొలిపించేవారు. కామందు మాత్రం, "నా చెరువు సంగతి నాకు తెలవదేటి" అని తన చెరువులో కొలవనిచ్చేవాడు కాదు. గొడవ జరిగిన ఆఖరి వారంలో ఎవరో పోరగా పోరగా ఒప్పుకున్నాడు. ఆ అంకెలన్నీ అమలాపురంలో మాస్టారి దగ్గరికి వెళ్ళేవి. ఊళ్ళో కంప్యూటరు అంటే దేవుడి పటంలా చూసే రోజులు. మాస్టారు చెరువుకొక గీత గీసి పంపితే చెరువులవాళ్ళు పంపుషెడ్డు గోడకి అంటించుకుని, వచ్చినవాళ్ళకల్లా చూపించుకునేవారు.

"ఒక్క చెరువు గీత చూసి ఏం చెప్తామండి? పక్క చెరువుల గీతలన్నీ దాని పక్కన పడాలి. అప్పుడు తెలుస్తుంది బతుకుతోందో చస్తోందో" అనేవారట ఆయన. తర్వాత క్లాసులో ఆ మాట నేనే ఎన్నోసార్లు విన్నాను. మంచి మాటే. అన్ని చెరువుల గీతలూ ఒకే కాగితం మీద, ఒకే దెబ్బలో పడేలా ఆయన కొత్త ప్రోగ్రాం రాసుకున్నారు. మా కొంప కూలింది దానితోనే.

ఒక ఆదివారం నాన్న చెరువు దగ్గరికి వెళ్ళకుండా ఆరాధనకి వచ్చాడు. పక్క చెరువు కాపలా అతనికి చెప్పే వచ్చాడు. పాటలు అయ్యేసరికి కామందు మోటారుసైకిలు మీద వచ్చి, చర్చి మెట్ల మీదే, పాస్టరు గారు చూస్తుండగా నాన్న చెంప పగలగొట్టాడు. నాన్న తిరిగి చెయ్యెత్తలేదు. "దేవుడు చూస్తాడండి" అన్నాడు, అంతే. ఆ మాట అక్కడున్న వాళ్ళందరూ విన్నారు.

ఆ వారం అంతా మబ్బు. శనివారం తెల్లారేసరికి నాన్న కాసే చెరువులో రొయ్య మొత్తం తేలిపోయింది. గట్టు మీద నిలబడితే నీళ్ళు కనపడలేదు, తెల్లగా రొయ్యే. మిగతా ఆరు చెరువులూ బాగానే ఉన్నాయి. కామందు గుండెలు బాదుకున్నాడు. చర్చి మెట్ల మీద నాన్న అన్న మాట ఎవరో గుర్తు చేశారు. నాన్నే చెరువులో పురుగుమందు, ఎండ్రిన్, కలిపేశాడన్నారు. అయినా అప్పటికింకా ఎవరూ నాన్న మీద చెయ్యి వెయ్యలేదు. "కంప్యూటరు ఏం చెప్తాదో చూద్దారి" అని కామందే మనిషికిచ్చి ఆ ఉదయం అంకెలు కూడా అమలాపురం పంపాడు.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు స్వయంగా వచ్చారు, రాజోలు మీదుగా బస్సులో, కాగితం చుట్ట చంకలో పెట్టుకుని. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. నాన్నకి కారేజీ పట్టుకుని చెరువు దగ్గరికి వెళ్ళి ఉన్నాను. పంపుషెడ్డులో మంచం మీద కాగితం పరిచారు. పైన గీతలన్నీ గుంపుగా, కొంచెం అటూ ఇటూ ఊగుతూ పోతున్నాయి. కుడిచేతి చివర మాత్రం ఒక్క గీత పైనుంచి అడుక్కి నిట్టనిలువుగా పడిపోయింది.

"ఇదేంటి బావగారూ?" అన్నాడు కామందు.

"అది మీ చెరువేనండి."

"మొన్నటిదాకా అందరితోపాటూ పైనే ఉంది. ఒక్కసారే పడిపోయింది. అంతేనా?"

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. "ఆయ్. అలాగే ఉందండి. ఒక్కసారిగా ఏదో జరిగుండాలి" అన్నారు.

ఆ ఒక్క మాటే. ఆయన నాన్న పేరెత్తలేదు, మందు కలిపారనీ అనలేదు. కానీ ఆ మాట కోసమే చూస్తున్నట్టు షెడ్డులో ఉన్న మగాళ్ళంతా ఒక్కసారి లేచారు.

నాన్నని పంపుషెడ్డు గుంజకి కట్టారు. ఎండిన కొబ్బరి మట్టలు ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నారా? అంచు రంపంలా కోసుకుపోతుంది. రెండు మట్టలు విరిగాక నీళ్ళు చిలికే మిషను బెల్టు తీశారు. అది విరగదు. మొదట నాన్న "నేను కాదండి" అన్నాడు. తర్వాత "బాబూ, బాబూ" అన్నాడు. తర్వాత అరుపే తప్ప మాట లేదు. ఎడమ చెవి మీద బెల్టు కొస తగిలింది. చెవిలోంచి రక్తం మెడ మీదకి, మెడ మీంచి చొక్కాలోకి దిగింది. నేను అడ్డం వెళితే ఎవడో జుట్టు పట్టుకుని గట్టు మీంచి బురదలోకి తోశాడు. లేచి మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ తోశాడు. నోట్లోకి ఉప్పునీళ్ళూ చచ్చిన రొయ్యలూ వెళ్ళాయి. ఇప్పటికీ నేను రొయ్య తినను.

ఆ గొడవ మొదలవగానే మాస్టారు "ఆగండి, ఆగండి" అంటూ అందరి చొక్కాలూ పట్టుకుని లాగారు. ఎవరో మోచేత్తో పొడిస్తే షెడ్డులోకి పడ్డారు. మంచం మీద ఆ కాగితం అలాగే ఉంది. పడిన చోటనుంచే దాని వంక చూశారట. అప్పుడు కనిపించింది ఆయనకి. ఆ గీత నిట్టనిలువుగా లేదు. కింద చివర కొద్దిగా ఎడమవైపుకి వాలింది. కాగితం మీద ఎడమ అంటే వెనకటి రోజులు. నెలల అంకెలున్న ఆ కాగితం మీద వారమంటే గోరంత వెడల్పే. శనివారం నుంచి అంతకు ముందు సోమవారానికి ఏ చెరువూ నడవదు కదా.

అది ఏ చెరువు గీతా కాదు. ఆరో చెరువు శనివారం చుక్క దగ్గర ఆగిపోయింది. కంప్యూటరు దాన్ని అక్కడ వదలకుండా ఏడో చెరువు మొదటి చుక్కకి, అంటే సోమవారం నాటి చుక్కకి లాగేసింది. చెరువు మారినప్పుడు కలం ఎత్తి మళ్ళీ పెట్టమని ప్రోగ్రాంలో చెప్పాలి. మాస్టారు చెప్పలేదు. మిగతా చెరువుల మధ్య కూడా అలాంటి దొంగ గీతలు పడ్డాయి గానీ, అవి అటుచివర నుంచి ఇటుచివరకి బారుగా పోయి గుంపులో కలిసిపోయాయి. కామందు చెరువులో కొలతలు ఆలస్యంగా మొదలయ్యాయి కాబట్టి ఈ ఒక్కటి మాత్రం కొట్టొచ్చినట్టు నిలబడింది. ఆ గీత తీసేసి చూస్తే ఏడో చెరువు కొలిచిన మొదటి రోజు నుంచే అడుగున ఉంది. రోజు రోజుకీ ఇంకాస్త దిగుతూ, నీళ్ళలో గాలి కలిపే మిషన్లు తిప్పించే దిక్కు లేక, మెల్లగా ఊపిరాడక చచ్చిపోయింది. ఎవరూ ఏమీ కలపలేదు.

"ఆపండి! ఆ గీత తప్పు! ఆ గీత చెరువుది కాదు, నాది!" అని అరుస్తూ బయటికి పరిగెత్తుకొచ్చారు. సరిగ్గా అప్పుడే నాన్న, "నేనే కలిపేనండి, నేనే కలిపేను, ఇంక ఆపండి బాబోయ్" అన్నాడు.

కామందు మాస్టారి వైపు తిరిగాడు. "ఆడే ఒప్పుకున్నాక ఇంకా నీ గీత గొడవేంటయ్యా!"

బావగారూ పోయింది, మీరూ పోయింది. మాస్టారు వెళ్ళి నాన్న మీద పడి రెండు చేతులతో గుంజని కావలించుకున్నారు. బెల్టు ఆగలేదు. ఆయన కుడి మణికట్టు ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. తెల్ల చొక్కా వీపు మీద చారలు పడి, చారలు కలిసిపోయి, మొత్తం ఎర్రగా అయిపోయింది. కొట్టేవాళ్ళే అలిసిపోయి ఆపారు.

నాన్నని సఖినేటిపల్లి రేవులో పంటు పడవ ఎక్కించి నరసాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మూడో రోజు మాస్టారు వచ్చారు, చేతికి కట్టుతో. మంచం పక్కన నిలబడి, "తప్పు నాదండి. నేను సరిగ్గా చూసుకోలేదు" అన్నారు. మా నాన్నని అంత పెద్దమనిషి 'అండీ' అనడం నేను వినడం అదే మొదటిసారి. నాకు దానికి కూడా ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్న స్టీలు కారేజీతో ఆయన్ని కొట్టాను. కట్టు మీదే తగిలింది. ఆయన నొప్పికి ముందుకి వంగిపోయారు గానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "కొట్టకే, పెద్దాయన" అన్నాడు నాన్న మంచం మీంచి. ఆ రోజుకి నాన్నకి ఎడమ చెవి వినపడటం లేదు. నేను పశ్చాత్తాపపడ్డానని రాస్తే మీకు బాగుంటుందేమో. పడలేదు.

ఆసుపత్రి నుంచి పంపేశాక నాన్నని స్టేషనుకి తీసుకెళ్ళారు. గట్టు మీద ఒప్పుకున్నాడు కాబట్టి కేసు పెట్టారు. అక్కడ ఇంకోసారి ఒప్పించారు, ఎలాగో నేను రాయనక్కర్లేదు. పాస్టరు గారు తిరిగి తిరిగి బెయిలు తెచ్చారు. కామందు దగ్గర సాక్ష్యానికి రెండే ఉన్నాయి. ఒకటి నాన్న ఒప్పుకోలు, రెండోది మాస్టారి కాగితం. మూడేళ్ళు మా ఇంట్లో అందరి ప్రాణాలూ ఆ కాగితం మీదే వేలాడాయి. అది నిజమని కోర్టు నమ్మితే నాన్న జైలుకి పోతాడు. అబద్ధమని చెప్పగలిగింది దాన్ని గీసినాయన ఒక్కడే. ఆయనేమో కామందుకి చుట్టం.

చుట్టాలు ముందు మంచిగా చెప్పారు. పేటవాడి కోసం ఇంటి పరువు బజార్న పెట్టకన్నారు. ఆయన వినలేదు. ఒక వాయిదాకి ముందు సఖినేటిపల్లి రేవులో నలుగురు ఆయన్ని పట్టుకుని, మెడ వంచి గోదాట్లో ముంచారు. లేపి, "చెప్తావా కోర్టులో?" అని అడిగారు. "చెప్తానండి" అన్నారట. మళ్ళీ ముంచారు. మళ్ళీ అడిగారు. రేవులో చేపలమ్మే ఆడవాళ్ళు బుట్టలు పడేసి కేకలు పెడితే వదిలేశారు. ఇది ఆయన చెప్పగా కాదు, ఆ ఆడవాళ్ళు చెప్పగా మాకు తెలిసింది.

కోర్టులో కామందు ప్లీడరు బాగా వెటకారం చేశాడు. "కాలేజీలో ఇదే పాఠం చెప్తారు కదా మాస్టారూ. మీకే తెలీకుండా తప్పు గీత పడిందంటే మేం నమ్మాలా?"

"తెలుసండి. తెలిసీ చూసుకోలేదు."

"అంటే మీకు చేతకాదన్నమాట."

"ఆ రోజుకి చేతకాలేదండి."

కొత్త బొమ్మ కోర్టులో పెట్టారు. చెరువు చెరువుకీ కలం ఎత్తి గీసింది. ఆరు గీతలు పైన, ఏడోది విడిగా కింద. మధ్యలో ఖాళీ. జడ్జిగారు చాలాసేపు ఆ ఖాళీనే చూశారు. ఒప్పుకోలు దెబ్బలకి భయపడి చెప్పిందని, మందు కలిపినట్టు వేరే ఆధారమేదీ లేదని కేసు కొట్టేశారు. అమ్మ కోర్టు వరండాలో మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చింది. నాన్న మాస్టారి వైపు చూడకుండా బస్టాండుకి నడిచాడు.

కేసు ఇంకా నడుస్తుండగానే నేను అమలాపురంలో డిగ్రీకి చేరి స్టాటిస్టిక్స్ తీసుకున్నాను. ఇంట్లో యుద్ధం జరిగింది. "ఆయన దగ్గరకెల్లి ఆయన చదువే చదువుతావా?" అని నాన్న కంచం విసిరేశాడు. నాకు ఆ గీత ఎలా పడిందో తెలియాలి. దాని సంగతి ఇంకెవరో చెబితే నేను నమ్మను, నా చేత్తో వేసి నేనే చూడాలి. అదే చెప్పాను. నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

క్లాసులో ఆయనంటే అందరికీ హడలు. కుడి మణికట్టు వంకరగా అతుక్కుంది, బోర్డు మీద రాత పక్కకి జారుతుండేది. ఎవరైనా అన్ని గీతలూ కలిపేసి తెస్తే ఆ కాగితం వాళ్ళ మొహం ముందే చింపి పోగులు పెట్టేవారు. డస్టరు విసిరేవారు. "గీత పడగానే నమ్మేయకండి! ఎక్కడ పుట్టిందో అడగండి దాన్ని!" అని బల్ల మీద గుద్దితే పక్క క్లాసు వాళ్ళు తొంగి చూసేవారు. మిగతావాళ్ళకి ఆయనెందుకంత ఊగిపోతారో తెలియదు. నాకు తెలుసు. వాళ్ళు భయపడేవారు, నేను మాత్రం అసహ్యంగా, ఆశగా వినేదాన్ని. ఆ రెండూ ఒకే మనిషి మీద ఎలా ఉంటాయని అడక్కండి.

రెండు వేలు దాటాక కాలేజీకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి, లెక్కలు కట్టి బొమ్మలు వేసే ప్యాకేజీ కూడా వచ్చింది. ఇప్పుడు కలం ఎత్తమని చుక్క చుక్కకీ చెప్పక్కర్లేదు. ఏ కాలమ్‌ని బట్టి గుంపులుగా విడగొట్టాలో ఒక్క వరుసలో చెబితే చాలు. నేను ఒకరోజు ఆ వరుస కావాలనే వదిలేసి, మా నాన్న చెరువుల అంకెల్లాంటివే ఎక్కించి, ఆయన్ని పిలిచాను. తెర మీద గీత వెనక్కి వాలి నిలబడింది. ఆయన చూశారు. నా వైపు తిరగలేదు. పిడికిలి బిగించి తెరని గుద్దారు. అద్దం బీట వారింది, వేళ్ళ సందుల్లోంచి రక్తం కీబోర్డు మీద పడింది. "ఇప్పుడు విడగొట్టి చూపించమ్మా" అన్నారు, చేతికి రుమాలు చుట్టుకుంటూ. చూపించాను. "ఆయ్, సరిపోయింది" అని వెళ్ళిపోయారు. నా వరకు పాఠమంటే ఆ రోజు జరిగిందే.

నన్ను ఉద్యోగానికి హైదరాబాదు పంపింది ఆయనే. ఇంటర్వ్యూకి ముందు ఒకటే మాట చెప్పారు. "తెలీకపోతే తెలీదని చెప్పు. తెలిసి చూసుకోకపోతే అది కూడా చెప్పు." నా పనిలో తప్పు దొరికిన ప్రతిసారీ ఆ రెండో మాటే నాకు అవసరం పడింది.

ఇక ఇప్పుడు రాయబోయేది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. కేసు కొట్టేశాక కూడా ఊళ్ళో నాన్నని 'మందు కలిపినోడు' అనే అనేవారు. మాస్టారికి అది తెలిసింది. సెలవు దొరికినప్పుడల్లా వచ్చేవారు. చెరువుల దగ్గరి టీకొట్టు ముందు నిలబడి, ఎవరు కూర్చుని ఉంటే వాళ్ళకి మొదట్నుంచీ చెప్పేవారు. "ఆ గీత నాదండి. ఆయన ఏ పాపం ఎరగడు" అని. కామందు మనుషులు ఒకసారి వేడి టీ మీద పోశారు. మెడ తుడుచుకుని మళ్ళీ చెప్పారు. ఆయన అనుకున్నది ఒకటి, జరిగింది ఒకటి. కొత్తగా వచ్చినవాళ్ళకి, పిల్లలకి, చెరువులు లీజుకి తీసుకున్న పైఊరి వాళ్ళకి కూడా మందు సంగతి ఆయన నోటిద్వారానే తెలిసేది. జనం మరిచిపోబోతుంటే ఈయన వచ్చి గుర్తు చేసేవారు.

ఓసారి నేను సెలవుకి ఇంటికి వచ్చి ఉన్నప్పుడు కూడా అదే జరుగుతోంది. నాన్న టీకొట్టు వైపు నడిచి వస్తున్నాడు. వినపడే చెవి మాస్టారి వైపే ఉంది. "ఆ గీత నాదండి" అన్నది విన్నాడు. విసవిసా వెళ్ళి, అందరి ముందూ, ఆయన చెంప మీద లాగి కొట్టాడు. పెదవి చిట్లి రక్తం వచ్చింది. "ఇంక చాలండి! మీ పాపం కడుక్కోడానికి నా పేరేనా దొరికింది? ఊళ్ళోవోళ్ళు మర్చిపోతుంటే మీరొచ్చి తవ్వుతున్నారు. మీకు దణ్ణం, ఒగ్గేయండి నన్ను!"

మాస్టారు పెదవి తుడుచుకున్నారు. "అది నాకు తట్టలేదండి" అన్నారు. తర్వాత టీకొట్టు బల్ల మీద కూర్చున్నారు. నాన్న కూడా అదే బల్ల రెండో చివర కూర్చున్నాడు. టీకొట్టతను ఏం తోచక ఇద్దరికీ టీ ఇచ్చాడు. తాగారు. ఆ తర్వాత ఆయన వస్తూనే ఉన్నారు. నాన్న పక్కన కూర్చుని టీ తాగి, వానల గురించి, రొయ్య రేటు గురించి మాట్లాడుకుని వెళ్ళిపోయేవారు. గీత మాట మళ్ళీ ఎత్తలేదు. నెమ్మదిగా ఊళ్ళో ఆ పేరు వినపడటం మానేసింది.

ఫోను వచ్చిన రోజే నేను హైదరాబాదులో బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి నాన్న అప్పటికే అమలాపురం చేరుకుని, మాస్టారి ఇంటి గేటు బయట, రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. పాడె కట్టేస్తున్నారు. మాస్టారి అబ్బాయి, బ్యాంకులో పనిచేస్తాడు, తడిబట్టలతో బయటికి వచ్చాడు.

"మీరెవరండి? లోపలికి రండి" అన్నాడు.

అబ్బాయి నిలబడింది నాన్న ఎడమ చెవి వైపు, వినపడలేదు. నేను చెప్పబోయేలోపే అబ్బాయి ముఖం చూసి నాన్నే మాట్లాడాడు. "ఆయ్. మీ నాన్నగారిని కొట్టినోణ్ణండి."

అబ్బాయికి అర్థం కాలేదు.

"టీకొట్టు దగ్గరండి. పెదవి చిట్లింది" అన్నాడు నాన్న.

అబ్బాయి గుర్తు తెచ్చుకున్నాడు. "లేదండి, చెరువు గట్టు మీద జారి పడ్డానని చెప్పేరు నాన్నగారు. అమ్మ కూడా తిట్టింది, ఈ వయసులో గట్లెందుకని."

తన తప్పుని ఊరందరి ముందూ చెప్పుకున్న మనిషి ఆ దెబ్బ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. నాకు అప్పటిదాకా రాని ఏడుపు అక్కడ వచ్చింది.

"పడలేదండి" అన్నాడు నాన్న. ఈసారి గుంజకి ఎవరూ కట్టలేదు, ఎవరి చేతిలోనూ బెల్టు లేదు. "నేనే కొట్టేను. ఇదిగో, ఈ చేత్తోనే కొట్టేనండి." కుడి అరచెయ్యి తెరిచి ఆ అబ్బాయి ముందు పెట్టాడు. పెట్టిన చెయ్యి దించలేదు.

లోపల, పోయినాయన నోటి దగ్గర అయినవాళ్ళు వరసగా బియ్యం వేస్తున్నారు. అబ్బాయి వెనక్కి వెళ్ళి పళ్ళెంలోంచి పిడికెడు తెచ్చి, తెరిచి ఉన్న ఆ అరచేతిలో పోశాడు. తర్వాత భుజం పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. మా పేటలో ఆ పద్ధతి లేదు, ఎలా వెయ్యాలో నాన్నకి తెలియదు. చుట్టాలంతా చూస్తుండగా మాస్టారి తల దగ్గర నిలబడిపోయాడు. చాపిన చెయ్యి అలాగే ఉంటే వేళ్ళ సందుల్లోంచి గింజలు ఒకటొకటిగా ఆయన తెల్ల పంచె మీద రాలుతున్నాయి.